పదకొండో వాక్యం

ఆమెకూ నాకూ కలిపి ఉన్న మాటలు అరవై మూడు. ఉజ్జాయింపుగా చెప్పడం లేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని జేబు పుస్తకంలో వరసగా రాసి చూసుకున్నాను. ఇంగ్లీషు అంకెలన్నింటినీ కలిపి ఒక్క మాటగానే వేసుకున్నాను. మిగతావి బ్యాగు, ఫ్లోరు, రో, డోర్, వెయిట్, రెడ్, కోల్డ్, టీ లాంటివి. ఆమెది కేరళ. మలయాళం, ఇంగ్లీషు బాగా వచ్చు. నాది కనిగిరి దగ్గర మెట్ట ఊరు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. తెలుగు తప్ప ఇంకోటి రాదు.

గుంటూరు బయట ఒక కోల్డు స్టోరేజీలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. మిర్చి టిక్కీలు, అంటే కాయలు తొక్కి కుట్టిన గోతాలు, లారీలో వచ్చి దిగగానే అవి ఏ చాంబర్లోకి పోవాలి, ఏ అంతస్తులో ఏ వరసలో ఉండాలి అన్నది నేను చెప్పాలి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. మొదట్లో నేనూ టిక్కీలు మోసినవాణ్ణే. మోస్తూ మోస్తూ ఒక రోజు, దొంతి ముందు వైపు కనపడేవి ఎన్నో చూసి లోతుతో హెచ్చవేస్తే మొత్తం తెలిసిపోతుందని నాకు నేనే కనుక్కున్నాను. అది బడిలో పిల్లలందరికీ తెలిసిన సంగతేనని తర్వాత తెలిసింది. అప్పటికే మా యజమాని నా భుజం మీది గోతం దింపించి చేతికి పెన్ను ఇచ్చాడు.

ఆమె ఒక మసాలా కంపెనీ తరఫున శాంపిళ్ళు తీయడానికి వచ్చేది. ఫిబ్రవరిలో వచ్చి మే నెల దాకా గుంటూరులో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేది. మూడు సీజన్లు వచ్చింది. వయసు నలభై నాలుగు. నాకు నలభై ఎనిమిది. ఏ టిక్కీలోంచి కాయ కావాలో కాగితం చూసి చెప్పేది. "త్రీ, టూ, ఫోర్టీన్" అంటే మూడో చాంబరు, రెండో అంతస్తు, పద్నాలుగో వరస. నేను టార్చి పట్టుకుని ముందు నడిచేవాణ్ణి, ఆమె శాలువా కప్పుకుని వెనక వచ్చేది. లోపల నాలుగైదు డిగ్రీల చలి. మాట్లాడితే నోట్లోంచి పొగలాగా వచ్చేది. ఆ మూడు సీజన్లలో మేం మాట్లాడుకున్నదంతా దాదాపు అంకెలే.

మా దగ్గర చాంబరులోకి పోవాలంటే ఒక పద్ధతి ఉంది. అది నేను పెట్టిందే. పనిలో చేరిన కొత్తలో నేను లోపల ఉండగా, తలుపు దగ్గర ఉండాల్సిన మనిషి రెండో తలుపు చూసొస్తానని పోయాడు. ఇంకెవరో వచ్చి ఖాళీ అనుకుని తాళం వేశారు. నలభై నిమిషాలు చీకట్లో ఉన్నాను. ఆ తర్వాత నూనె డబ్బా రేకు కత్తిరించి, మేకుతో చుక్కలు కొట్టి నంబర్ల బిళ్ళలు చేశాను. లోపలికి పోయేవాడు తన బిళ్ళను తలుపు పక్కన కొక్కేనికి తగిలించాలి, వచ్చాక తీసుకోవాలి. పోయిన తలుపులోంచే రావాలి. బయట ఉన్నవాడు లోపలివాడు వచ్చేదాకా తలుపు వదిలి కదలకూడదు. లోపల ఎవరైనా తప్పిపోతే వాళ్ళు కూడా ఏ తలుపు కనపడితే ఆ తలుపు దగ్గర నిలబడిపోవాలి, వెతుక్కుంటూ తిరగకూడదు. ఆమెకు తొమ్మిదో నంబరు బిళ్ళ ఇచ్చాను. ఈ పద్ధతంతా ఆమెకు మూడు మాటల్లో చెప్పాను. "డోర్. వెయిట్. నో మూవ్." ఆమె వేలు పైకెత్తి నాలాగే గొంతు పెట్టి మళ్ళీ చెప్పింది. ముఠా కూలీలంతా నవ్వారు.

రెండో సీజన్లో ఒకసారి టీ తాగుతూ ఫోనులో కూతురి ఫోటో చూపించింది. "నైన్టీన్" అంది. తర్వాత చేయి ఆకాశం వైపు చూపించి, "హస్బెండ్. ఎయిట్ ఇయర్స్" అంది. నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"వైఫ్?" అని నన్నడిగింది.

"జీరో."

నవ్వింది. నవ్వి, నవ్వకూడదనుకుందో ఏమో, నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. నాకు పెళ్ళి ఎందుకు కాలేదంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. ముప్పై దాటింది, నలభై దాటింది. కోల్డు స్టోరేజీ వెనక గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు. రెండో కుర్చీ కొనాల్సిన అవసరం రాలేదు.

ఫోనులో మాట మార్చిచెప్పే సౌకర్యం ఉంటుంది కదా అని మీరు అడగొచ్చు. ఆమె ఒకసారి ప్రయత్నించింది. నేను తెలుగులో "తాలు కాయ ఎక్కువుంది, చూసి తీసుకోండి" అన్నాను. ఎండలో తెల్లబడిన కాయను మేం తాలు అంటాం. ఫోను మలయాళంలో ఏం చెప్పిందో గానీ ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, ఫోను సంచిలో పడేసింది. నాది బటన్ల ఫోను. టచ్ ఫోను రెండుసార్లు చాంబరు చలికి చెడిపోతే మానేశాను.

పోయిన మే నెల చివర్లో, ఆఖరి శాంపిల్ తీసిన రోజున, "నెక్స్ట్ ఇయర్, నో" అంది. కంపెనీ ఆమెను వాళ్ళ ఊరి ల్యాబుకు మార్చిందట. నా జేబులోంచి పుస్తకం తనే తీసుకుని ఇంగ్లీషులో రాసి ఇచ్చింది. కూడబలుక్కుని చదివాను. ఆదివారం. ఒంటిగంట. భోజనం. ఇద్దరు. రైలు 6:40, విజయవాడ. ఇద్దరు అన్నచోట రెండు అంకె వేసి, దాని కింద గీత గీసింది.

నేను ఆ గీతనే చాలాసేపు చూశాను.

ఆదివారానికి ఆరు రోజులుంది. గుంటూరులో ఒక మలయాళీ బేకరీ ఉంది. దాని ఓనరు ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళయింది, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఆయన దగ్గర కూర్చుని పది వాక్యాలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. భోంచేశారా, ఎండగా ఉందా, మీ అమ్మాయి ఏం చదువుతోంది, ఇలాంటివి. పదకొండోది అడగడానికి ఇంకో రోజు పట్టింది.

"నాతో ఇక్కడ ఉండిపోతారా, లేకపోతే నన్ను మీ ఊరు రమ్మంటారా. ఇది ఎలా అనాలి?" అన్నాను.

ఆయన పఫ్‌ల ట్రే కింద పెట్టాడు. "సార్, అవి రెండు ప్రశ్నలు. ఒకటి చేయండి."

మర్నాడు ఒకటి చేసుకుని పోయాను. "మనిద్దరం కలిసి ఉందామా?"

"పెళ్ళి మాటా సార్ ఇది?"

"ముందు వాక్యం చెప్పవయ్యా."

గుంటూరులో అయితే పది అడుగులకొకడు పలకరిస్తాడు. అందుకని తాడేపల్లి అనుకున్నాను. కృష్ణ ఒడ్డున ఒక పార్కు ఉంది, అక్కణ్ణుంచి బ్యారేజీ దాటితే విజయవాడ స్టేషను. గురువారం నాడు పోయి చూసొచ్చాను. దారి పొడవునా దీపస్తంభాలకు తెల్ల రంగుతో నంబర్లు వేసి ఉన్నాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య నా అడుగులు ముప్పై మూడు, అంటే పాతిక మీటర్లు. పద్నాలుగో స్తంభం దగ్గర నీడలో ఒక బెంచీ ఉంది, ఎదురుగా నీళ్ళు. పదకొండో వాక్యం అక్కడ చెబుదామనుకున్నాను. పార్కు ఆ చివర ఇంకో గేటు ఉంది గానీ గొలుసు వేసి తాళం పెట్టి ఉంది. అది ఆదివారాలు మాత్రం తీస్తారేమోనని నేను ఎవరినీ అడగలేదు.

ఆదివారం ఉదయం మా ముఠా మేస్త్రి ఎదురొచ్చాడు. నాతో కలిసి టిక్కీలు మోసినవాడు.

"ఏందిరా, ఇస్త్రీ చొక్కా? ఎవరి పెళ్ళి?"

"ఎవరిదీ కాదు. విజయవాడలో పనుంది."

"పనికి సెంటు కొట్టుకుపోతారంట్రా? ఒరేయ్, చాంబర్లో పదేళ్ళున్న కాయలాగా ఉన్నావు, జాగ్రత్త, ఎండ తగిలితే రంగు పోద్ది!"

వాడి నవ్వు గేటు దాకా వినపడింది.

తాడేపల్లిలో ఒక చిన్న హోటల్లో తిన్నాం. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుంది. శాలువా లేకుండా ఆమెను చూడటం అదే మొదలు. శాలువా లేకపోతే భుజాలు చిన్నవిగా ఉన్నాయి. చేపల పులుసు తెప్పించుకుని ముల్లు నోట్లోంచి తీయడంలో నాకంటే చురుగ్గా ఉంది. నేను మొదటి వాక్యం తీశాను. మలయాళంలో "భోంచేశారా?" అన్నాను. ఆమె ముద్ద నోటి దగ్గర ఆపి, తన విస్తరి వైపు చూసి, నా వైపు చూసింది. తర్వాత ఇద్దరం నవ్వాం. అది బయలుదేరేముందు ఫోనులో అడగాల్సిన వాక్యం. మిగతావి ఒక్కొక్కటి అయిపోయాయి. ఆమె జవాబుల్లో నాకు "శరి" ఒక్కటే అర్థమయ్యేది. మన సరే లాంటిదే. పది వాక్యాలూ ఇరవై రెండు నిమిషాలకు సరిపోయాయి. తర్వాత చుట్టూ ఉన్న బల్లల మీది మాటలు వింటూ తిన్నాం. పక్క బల్ల వాళ్ళు తుళ్లూరులో స్థలాల సంగతి గట్టిగా వాదించుకుంటున్నారు. వాళ్ళకు మాటలకు కొదవ లేదు.

ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చుని, పార్కుకు పోయేసరికి నాలుగు దాటింది. స్టేషను సామాన్ల గదిలో ఆమె పెట్టె ఉంది, అది తీసుకోవడానికి పది నిమిషాలు. ఆటోకు అరగంట. అంటే అయిదూ నలభై అయిదుకు కదలాలి. పద్నాలుగో స్తంభం దగ్గర బెంచీ మీద ఒక కుటుంబం టిఫిన్ డబ్బాలు తెరుచుకుని కూర్చుంది. వాళ్ళు లేచేదాకా నడుద్దామని నడిచాం. నాలుగూ ఇరవైకి ఆమె ముఖం కడుక్కునే చోటు వైపు చూపించి, వస్తానన్నట్టు సైగ చేసింది. నేను వెనక్కి చేయి చూపి "గేట్" అన్నాను. "గేట్. శరి" అంది.

వెనక్కి నడిచి, మేం లోపలికొచ్చిన గేటు దగ్గర నిలబడ్డాను.

పావుగంట అయింది. ఆడవాళ్ళ సంగతి, తొందరపెట్టకూడదు అనుకున్నాను. ఇరవై నిమిషాలకు ఫోను చేశాను.

"వేర్?" అన్నాను.

"గేట్" అంది.

"నో. నేను గేట్. హియర్."

"హియర్! గేట్!" అంది.

చుట్టూ చూశాను. లేదు. వస్తోందేమో, ఫోనులో మాట అటూ ఇటూ అయిందేమో అనుకున్నాను. ఎదురెదురుగా ఉంటే అరవై మూడు మాటలు సరిపోయేవి. చేతులుండేవి, కాగితం ఉండేది. ఫోనులో ఆమె మాట ఉత్త గొంతు. ఆమె గబగబా మలయాళంలో ఏదో చెప్పింది, నేను తెలుగులో ఏదో చెప్పాను, ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. పెట్టేసింది. ఇంకో ఇరవై నిమిషాలకు మళ్ళీ అదే జరిగింది.

వెతుక్కుంటూ పోవచ్చు కదా అని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. పోలేదు. కాళ్ళు కదల్లేదు. ఇరవై ఆరేళ్ళుగా తలుపు వదిలి పోయిన ప్రతివాణ్ణీ తిట్టినవాణ్ణి. నేను అటు పోయాక ఆమె ఇటు వస్తే? బెంచీ మీది కుటుంబం లేచి నా ముందునుంచే బయటికి పోయింది. ఎండ పసుపు రంగుకొచ్చింది. పల్లీలమ్మేవాడు మూడుసార్లు వచ్చి అడిగి, మూడోసారి జాలిగా చూశాడు.

అయిదూ ఇరవై ఎనిమిదికి పక్కనున్న స్తంభం మీద నా కన్ను పడింది. మూడు. అప్పటిదాకా అది కళ్ళ ముందే ఉంది. వెంటనే ఫోను చేశాను.

"లైట్. పోల్. నంబర్?"

స్పష్టంగా, చాంబర్లో చెప్పినట్టు చెప్పింది. "ట్వెంటీ సిక్స్."

ఇరవై ఆరులోంచి మూడు తీస్తే ఇరవై మూడు. ఇరవై మూడు పాతికలు అయిదు వందల డెబ్బై అయిదు మీటర్లు. పరిగెత్తాను. ఈ వయసులో నేను పరిగెత్తగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ చివరి గేటు బార్లా తెరిచి ఉంది. ఆమె స్తంభం కింద సిమెంటు దిమ్మ మీద చెప్పులు విడిచి కూర్చుంది. నన్ను చూసి లేచి ఒకటిన్నర నిమిషం పాటు మలయాళంలో తిట్టింది. తిట్లకు తర్జుమా అక్కర్లేదు. ఆ తర్వాత వేలు పైకెత్తి, నా గొంతే పెట్టి అంది.

"డోర్. వెయిట్. నో మూవ్."

ఆమె నేను నేర్పినట్టే చేసింది. బయటికి రాగానే దగ్గరగా కనపడిన గేటు దగ్గర నిలబడి కదల్లేదు. ఇద్దరం గంటకు పైగా నా పద్ధతి ప్రకారం నిలబడ్డాం.

అప్పటికి టైము అయిదూ ముప్పై ఆరు. తొమ్మిది నిమిషాలు మిగిలాయి. పద్నాలుగో స్తంభం మూడు వందల మీటర్ల దూరం, పోవడానికి నాలుగు, రావడానికి నాలుగు. ఒక్క నిమిషం. ఆ లెక్క వేస్తూండగానే ఆమె చెప్పులు తొడుక్కుని ఆటో వైపు చేయి ఊపింది.

"స్టేషనుకా బాబాయ్? ఎక్కండి ఎక్కండి" అన్నాడు డ్రైవరు. బ్యారేజీ ఎక్కాక అద్దంలోంచి చూశాడు. "అమ్మగారు మనవైపు వాళ్ళు కాదే?"

"కేరళ."

"మీరేమవుతారు?"

"పనిచోట తెలిసినావిడ."

"ఓహో" అన్నాడు, సాగదీస్తూ. "నేను రెండేళ్ళు కొచ్చిలో లారీ తోలాను బాబాయ్. మలయాళం వచ్చు. మీరు ఏమన్నా చెప్పాలంటే చెప్పండి, నేను అందిస్తా."

పదకొండో వాక్యం నా చొక్కా జేబులో ఉంది. ఆమె అటువైపు నీళ్ళను చూస్తోంది. గాలికి జుట్టు మొహం మీద పడుతున్నా తీసుకోవడం లేదు.

"చెప్పాల్సిందేమీ లేదు. నువ్వు ముందు చూసి నడుపు" అన్నాను.

పెట్టె తీసుకుని ప్లాట్‌ఫారానికి చేరేసరికి రైలు నిలబడి ఉంది. సీటు చూపించి, పెట్టె కింద పెట్టి దిగాను. ఆమె బోగీ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. నాలుగు నిమిషాలుంది. కాగితం తీశాను. చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి గానీ నాకు నోటికొచ్చు. ఒక్కో ముక్కా నిదానంగా, ఒత్తులు పోకుండా చెప్పాను. మనిద్దరం కలిసి ఉందామా.

ఆమె మొహంలో నవ్వు ఆగింది. చుట్టూ చూసి, తలుపు పక్క ఇనుప కమ్మీ పట్టుకుని జవాబు చెప్పడం మొదలుపెట్టింది. చిన్న జవాబు కాదు. ముందు నెమ్మదిగా చెప్పింది, మధ్యలో ఆగి గొంతు సవరించుకుంది, కూతురి సంగతి వచ్చినట్టుంది, తల అడ్డంగా ఊపింది, తర్వాత నిలువుగా ఊపింది. మొత్తం నలభై సెకన్లు. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ప్రశ్న నేర్చుకోవడానికి ఆరు రోజులు పెట్టాను. జవాబు కూడా మలయాళంలోనే వస్తుందని ఒక్క రోజు కూడా అనుకోలేదు.

చెప్పడం అయిపోయింది. నా వైపు చూస్తూ నిలబడింది.

"శరి" అన్నాను.

నేను దేనికి సరేనన్నానో నాకు తెలియదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. రైలు కదిలింది. ఆ బోగీ తలుపు ఆగి ఉన్నచోట నేను చాలాసేపు నిలబడ్డాను. తర్వాత ఇంకో రైలు వచ్చి జనం తోస్తే పక్కకు జరిగాను.

తొమ్మిది రోజులు ఆగి బేకరీకి పోయాను. అంతకుముందు రెండుసార్లు పోయి పఫ్‌లు కొనుక్కుని తిరిగొచ్చాను. ఈసారి ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన ఆమెను చేచి అని పిలుస్తూ ఏడు నిమిషాలు మాట్లాడాడు. చేచి అంటే అక్క. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఒకసారి నవ్వాడు. ఒకసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "శరి చేచి, శరి" అని పెట్టేశాడు.

"ఏమంది?"

"మీరు అడిగినదానికి రైలు దగ్గరే జవాబు చెప్పేశానంటోంది సార్."

"అదే, ఏం చెప్పిందట?"

"నేనూ అదే అడిగాను. వేరేవాళ్ళ నోటితో చెప్పించనంది. ఆయన నన్ను నా భాషలో అడిగాడు, జవాబు కూడా నా భాషలోనే వినమను అంది."

"అది తప్ప ఏడు నిమిషాలూ ఏం మాట్లాడింది?"

"మీ మూడో చాంబర్లో ఇంకా నీళ్ళు కారుతున్నాయా అని అడిగింది. మీరు చలిలోకి మఫ్లరు లేకుండా పోతున్నారా అని అడిగింది. పోతున్నారా సార్?"

"పోతున్నాను."

"అదే చెప్పాను."

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం బేకరీ మూసేలోపు ఒక అరగంట నేర్చుకుంటున్నాను. ఈ ఫిబ్రవరిలో ఆ కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. తొమ్మిదో బిళ్ళ నా దగ్గర అలాగే ఉంది, కొత్తగా వచ్చేవాళ్ళకు పది నుంచి ఇస్తున్నాను. ఆదివారాలు ఆమెకు ఫోను చేస్తాను. మొదట్లో ఒక నిమిషంలో అయిపోయేది. ఇప్పుడు నాలుగు దాకా పోతుంది. మధ్యలో నాకు మాట తట్టనప్పుడు ఆమె అందివ్వదు, ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ అటువైపు ఫ్యాను తిరిగే చప్పుడు వినపడుతుంది.

పోయిన ఆదివారం ఆమె చెప్పింది మొత్తం అర్థమైంది, మొదటిసారి. కూతురు ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయిందట. ఇంట్లో ఇప్పుడు ఒక్క మనిషి అంది. ఒరాళ్ అంది.

"ఇవిడెయుం ఒరాళ్" అన్నాను. ఇక్కడా ఒక్కరే.

పదకొండు సెకన్లు ఆ ఫ్యాను చప్పుడు విన్నాను. పదకొండో వాక్యం మళ్ళీ అడగొచ్చు. కాగితం అక్కర్లేదు. కానీ ఆ నలభై సెకన్లూ మళ్ళీ వింటే, అందులో ఒక్క ముక్క జారిపోయినా మళ్ళీ శరి అనేసి నిలబడతానేమోనని భయం. ఏం తిన్నారని అడిగాను. కంజి అంది, అంటే గంజన్నం. పెట్టేశాం.

ఆ జవాబు పూర్తిగా అర్థం కావాలంటే ఆరు వందల మాటలైనా రావాలంటాడు బేకరీ ఆయన. ఇప్పటికి నా పుస్తకంలో మూడు వందల పన్నెండు ఉన్నాయి. రోజుకు రెండు కంటే ఎక్కువ నిలవడం లేదు, వయసు అలాంటిది. అంటే ఇంకా నూట నలభై నాలుగు రోజులు. ఆదివారాలు అందులో కలపలేదు.